కమిషనర్ ఇంటి పునాది

ఎర్నెస్టో దిమయుగ పేరెత్తితే చాలు, భీమయ్యకు నోట్లో ముద్ద చేదైపోతుంది.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను భీమయ్య చాలామందినే చూశాడు. తెప్పకు నిప్పుపెట్టి, ఆ మంట పక్కన నిలబడి ఫొటో దిగినవాణ్ణి మాత్రం ఇతనొక్కణ్ణే చూశాడు.

ఒకప్పుడు ఎర్నెస్టో సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో బేకరీ మీది ఇరుకు గదిలో కూర్చునే లాయరు. అక్కడి తోటి ఫిలిప్పీన్స్ వాళ్లంతా అతన్ని 'అటార్నీ' అని పిలిచేవారు. టైల్స్ పని మీద సిడ్నీ వచ్చిన భీమయ్య వీసా చిక్కులో ఇరుక్కుంటే, డాలరు పుచ్చుకోకుండా గట్టెక్కించాడు. ఏడో తరగతితో బడికి దండం పెట్టిన భీమయ్యకు ఆ రోజు నుంచి అతనే దేవుడు.

దేవుడు కౌన్సిలర్‌గా నిలబడ్డాడు. స్కోఫీల్డ్స్‌లో తెలుగువాళ్ల గడప గడపకూ తిప్పింది భీమయ్యే. "నమస్కారం అండి, బాగున్నారా?" అని పలకడం నేర్పింది భీమయ్యే. గోంగూర పచ్చడి తిని అతను కళ్లనీళ్లు పెట్టుకుంటే, "చూశారా, మనమంటే ఎంత ప్రేమో!" అని నలుగుర్నీ నవ్వించి ఓట్లు రాబట్టిందీ భీమయ్యే.

కౌన్సిలర్ కాస్తా మన లెక్కలో ఎమ్మెల్యే అయ్యాడు. రెండోసారి ఓడిపోతే ప్రభుత్వమే పిలిచి, నాసిరకం ఇళ్లు కట్టేవాళ్ల పనిపట్టమని బిల్డింగ్ కమిషనర్ కుర్చీలో కూర్చోబెట్టింది.

కుర్చీ ఎక్కిన మొదటి వారమే టీవీ కెమెరాల ముందు ఒక లైసెన్సు రద్దు చేశాడు. భీమయ్యది.

రౌస్ హిల్‌లో ఎవరిదో బాత్రూము కారింది. ఓనరు తొందరపెడితే, నీరు దిగకుండా వేసే పూత ఆరకముందే టైల్స్ పరిచాడు భీమయ్య. తప్పే. పీకి మళ్లీ వేసిస్తానని కాళ్లావేళ్లా పడ్డాడు. ఎర్నెస్టో వినలేదు.

"ఇతను నా ఎన్నికల్లో పనిచేసిన స్నేహితుడు. అయినా వదల్లేదు," అన్నాడు కెమెరాలోకి చూస్తూ.

మర్నాడు ఎక్కడ చూసినా కమిషనర్ నిజాయితీ గురించే. భీమయ్య తాపీ మూలపడింది. యాభై ఏళ్లు పైబడ్డాక గోడౌన్‌లో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. గుడి దగ్గర తెలిసినవాళ్లు ఎదురుపడి, "టీవీలో చూశాం భీమయ్యా," అంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అయితే ఎర్నెస్టో గుట్టు ఒకటి భీమయ్య గుప్పిట్లో ఉంది.

స్కోఫీల్డ్స్‌లో అతని ఇంటికి టైల్స్ పరిచింది భీమయ్యే. అప్పుడే చూశాడు, పునాది పగిలింది. పగుల్లో వేలు పడుతుంది. ఏటేటా ఒక పక్కకు కుంగుతోంది. కట్టిన కంపెనీ ఎప్పుడో దివాలా తీసి మాయమైంది. ఎర్నెస్టో వంగి చూసి, భీమయ్య భుజం మీద చెయ్యేశాడు.

"మేట్, ఇది బయటికి పొక్కితే ఇంటికి పైసా రాదు. మనిద్దరి మధ్యే ఉండనీ."

ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఇన్నేళ్లూ.

భీమయ్య మనసులో ఏం ఉడుకుతోందో భార్య అలివేలు పసిగట్టింది.

"లైసెన్సు పోయింది, పోనీ. ఉన్నది గూడ ఊడ్సుకపోయేదాక నిద్రపట్టదా నీకు?"

"వాని తల నేలకు వంగాలె. గంతే."

"పంతం కూడువెడ్తదా అయ్యా?"



ఆ శనివారం రౌస్ హిల్‌లో కమిషనర్ జనంతో ముఖాముఖి. హాలు నిండింది. టీవీవాళ్లూ వచ్చారు. భీమయ్య మైకు అందుకుని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు.

"సార్, ఒక ఇంటి పునాది పగిలింది. ఓనరుకు తెలుసు. దాచిపెట్టాడు. ఏం చేస్తారు?"

"ఖాళీ చేయించి కూల్చేస్తాం."

"ఎవరిదైనా?"

"మా అమ్మదైనా!"

హాలంతా చప్పట్లు.

"అయితే రాసుకోండి సార్. అది మీ ఇల్లే. మీరు నా స్నేహితులు. అయినా వదల్లేదు."

చప్పట్లు మధ్యలోనే తెగిపోయాయి. ఎర్నెస్టో ముఖంలో నెత్తురుచుక్క లేదు. వేదిక దిగి వచ్చి, భీమయ్య చెవిలో అన్నాడు.

"మేట్, తెలిసే మాట్లాడుతున్నావా?"

"బాగా తెలిసే."

ఇక దాచే దారి లేదు. తనిఖీవాళ్లు వచ్చి నేల తవ్వి చూశారు. వేరే అధికారి కూల్చివేతకు సంతకం పెట్టాడు. ఇన్నాళ్లూ దాచినందుకు ఎర్నెస్టో కమిషనర్ పదవీ ఊడింది.

కూల్చే రోజున ఎర్నెస్టో భార్య తన నిమ్మ కుండీలు ఒక్కొక్కటే వ్యానులోకి మోసుకుంటోంది. అలివేలు ఒళ్లో కుక్కరు పెట్టుకుని కారులో కూర్చుంది. అటు చూడలేదు. భీమయ్య మాత్రం చేతులు కట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. పొక్లెయిన్ పళ్లు పైకప్పులో దిగబడగానే అతని కడుపులో మంట చల్లారింది.

ఎర్నెస్టో పక్కకొచ్చి నిలబడ్డాడు.

"కడుపు నిండిందా, మేట్?"

"నిండింది సార్."

"నీకు పిచ్చి పట్టింది."

భీమయ్య నవ్వాడు. చాన్నాళ్ల తర్వాత మనస్ఫూర్తిగా నవ్వాడు.

పొక్లెయిన్ ఎర్నెస్టో వాటా ముగించుకుని, అదే పునాది మీద గోడకు గోడగా ఉన్న రెండో వాటా వైపు తిరిగింది: భీమయ్య సొంత ఇల్లు, ఇక అప్పు కింద బ్యాంకు పాలయ్యే మూడు వందల పన్నెండు చదరపు మీటర్ల జాగా.