బురుజు కింద ఇసుక

"ఏవండీ పెద్దాయనా! పొద్దున్నే తవ్వుకోడానికి మా ఇసుకే దొరికిందా?"

ఈల మాస్టారి కేకకు పార్కులో నడిచేవాళ్ళంతా ఆగి చూశారు.

హైస్కూల్లో ఆటలు నేర్పే ఆయనకు పిల్లలు పెట్టిన పేరది. బడికి ఆటస్థలం లేదు. లాంగ్‌జంప్ సాధనంతా పార్కులోనే, పాత కోట బురుజు పక్కనున్న ఇసుక గుంటలో.

ఆ గుంటలో ఒక కాలు చాపుకుని కూర్చుని, జల్లెడతో ఇసుక జల్లిస్తున్నాడు ముసలాయన. మాస్టారు ఆయన్ని చూడటం అదే మొదటిసారి.

"ఏం పోయింది? ఉంగరమా?"

"ఏమీ పోలేదు మాస్టారూ."

"మరి ఇదేమన్నా మీ పెరడా? శనివారం ఎంపిక పోటీలు. మా మిడత దూకిందంటే రాష్ట్ర జట్టులో ఉంటుంది. పదిహేనేళ్ళుగా ఆ రోజు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాను!"

మిడత అంటే దర్జీ కూతురు. కాళ్ళే తప్ప మనిషి కనబడదు.

"ఈ గుంట సంగతి తెలుసా మీకు? ఎప్పుడో మా బడి కుర్రాడొకడు, ఎంపిక పోటీలకి ముందురోజు ఇక్కడే రాయి మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ దూకలేదు. ఏటా కొత్త పిల్లలకి చెబుతుంటాను. నా హయాంలో మాత్రం ఒక్కరికి గోరు కూడా ఊడలేదు!"

ముసలాయన ముఖం విప్పారింది.

"చాలా సంతోషం మాస్టారూ. వెళ్ళే ముందు మీకో మాట చెబుదామని..."

మాస్టారు ఈల ఊదేశారు.

ముసలాయన చిన్నగా నవ్వి, మెల్లగా లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పీడ వదిలిందనుకున్నారు మాస్టారు.

శుక్రవారం పొద్దున మిడత పరిగెత్తుకొచ్చి ఎగిరింది.

"అమ్మా!"

మాస్టారు పరుగున వెళ్ళారు. అదృష్టం బాగుండి మడమ గీరుకుందంతే. దాని పక్కనే నిమ్మకాయంత రాయి, మొన పైకి తేలి ఉంది.

మాస్టారు ఇసుకలో చెయ్యి పెట్టారు. ఇంకొకటి. మరొకటి. తలెత్తి చూస్తే, గాలి వీచినప్పుడల్లా బురుజు పెచ్చులు రాలుతూనే ఉన్నాయి.

"తోటమాలీ! రోజూ ఏరేవాడివి, మూడు రోజులుగా ఏమైంది నీకు?"

"నేనా? నేనెప్పుడూ ఆ గుంట జోలికే పోలేదు సార్. పాతికేళ్ళుగా ఆ పెద్దాయనే ఏరేవారు. మీరొచ్చేలోపే ముగించుకుని వెళ్ళిపోయేవారు. ఇక ఊళ్ళో ఉండనని, మీకు చెప్పి వెళ్దామని ఆ రోజు ఆగారు. కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు సార్. అడ్రసు నాకూ తెలీదు."

తన గొప్ప గోరంత కూడా తనది కాదని తెలిసి మాస్టారు సిగ్గుపడ్డారు.

తోటమాలి తన గదిలోంచి ఆ జల్లెడ తెచ్చాడు.

"ఇది మీకిమ్మన్నారు."

ఆ సాయంత్రానికి పిల్లలూ మాస్టారూ కలిసి బకెట్టెడు రాళ్ళు ఏరారు.

శనివారం మిడత దూకింది. జాబితాలో మొదటి పేరు దానిదే. దూకింది అదొక్కసారే, ఆ తర్వాత గంతులన్నీ మాస్టారివే.

సోమవారం తెల్లారగట్లే ఆయన గుంటలో కూర్చుని జల్లెడ పట్టారు. చల్లటి ఇసుక, పిట్టల కూతలు. ఈ పనిలో ఇంత హాయి ఉందని ఆయనకిన్నాళ్ళూ తెలియదు.

కాసేపటికి తిమ్మిరెక్కి ఒక కాలు చాపుకున్నారు.

"అచ్చం పెద్దాయనలాగే కూర్చున్నారు సార్," అన్నాడు మొక్కలకు నీళ్ళు పెడుతున్న తోటమాలి.

"ఆయనకీ తిమ్మిరేనా?"

"కాదు సార్, ఆయనకా కాలు ముడుచుకోదు. మీరు ఏటా పిల్లలకి చెప్పే కథలో కుర్రాడు ఆయనే."