మాత్ర వేసే చెయ్యి

"నా కుక్కని నాకు అప్పజెప్తావా, నలుగుర్ని పిలవమంటావా?"

గేటు బయట నిలబడి చుట్ట వెలిగిస్తూ కేకేశాడు బసవపున్నారావు.

దయామణి తలెత్తలేదు. అరుగు మీద చతికిలబడి, కుడిచేతికి పాత గుడ్డొకటి చుట్టుకుని, సీజర్ దవడలు విప్పి చేదు మాత్రని నాలిక వెనక్కి తోసింది. మింగేదాకా మూతి మూసి పట్టుకుంది. గుడ్డ విప్పి డబ్బాలో పెట్టి మూత బిగించింది. అప్పుడు ఉత్తచేత్తో ఉడకబెట్టిన గుడ్డు పెట్టింది. కుక్క ఆ చెయ్యంతా నాకింది.

"చేతికి ఆ గుడ్డెందుకే?"

"కరుస్తుందేమోనని. కేకలెందుకండీ, కుక్క మీదేగా."

"మరి నీ అరుగు మీదుందేం?"

"మీరు చాట్రాయి రోడ్డులో మైలురాయికి కట్టేసి వెళ్ళిపోయారు కదండీ. కీళ్ళన్నీ వాచిపోయి మూలుగుతుంటే ఎత్తుకొచ్చాను."

బసవపున్నారావు పొగ వదిలాడు. "ఒకరోజు ముందుకాలు కుంటేది, ఇంకోరోజు వెనకకాలు. వేషాలేస్తోందనుకున్నాలే. ఇప్పుడు గుర్రంలా నడుస్తోందంటగా. ఎల్లుండి తోటలో మామిడి కోత. కాపలాకి కావాలి నాకు."

"వేషాలు కాదండీ, జబ్బు. ఒంట్లో రోగాల మీదికి పోవాల్సిన కాపలా బలగం దారితప్పి, సొంత కీళ్ళనే పీక్కుతింటుందంట. ఎవరు మనవాళ్ళో ఎవరు పరాయివాళ్ళో పోల్చుకోలేకపోవడమే దీని రోగమని చెప్పింది పశువుల డాక్టరమ్మ."

"నీ పిక్క పీకింది ఈ కుక్కే కదే!" పకపకా నవ్వాడు బసవపున్నారావు. "పాస్టరుగారేమన్నా చెప్పాడా, కరిచినదాన్ని ముద్దు చెయ్యమని?"

"అలాంటిదేననుకోండి."

గాలివాన వెలిసిన తెల్లారి రాలిన కాయలు ఏరుకోవడానికి ఆ చుట్టుపక్కల ఎవరూ ఎవరినీ అడగరు. నిరుడు బసవపున్నారావు తోటలో దయామణి కూడా అడగలేదు. ఒళ్ళో పది కాయలు పడ్డాయో లేదో, "ఉస్కో" అన్నాడు బసవపున్నారావు. పిక్క మీద ఎనిమిది కుట్లు పడ్డాయి. గట్టు మీద నిలబడి ఇదే నవ్వు నవ్వాడు. కుట్లు మానాయి గానీ ఆ నవ్వు మానలేదు.

చుట్టపొగ అరుగు మీదికి తేలింది. సీజర్ మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పళ్ళు బయటపెట్టి గుర్రుమంది.

"చూశావా, పౌరుషం చావలేదు!" మురిసిపోయాడు బసవపున్నారావు.

"తీసుకెళ్ళండి. కాకపోతే ఒక్క మాట. ఆ మాత్రలు ఉన్నపళంగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. రెండు పూటలా నేనే తోటకొచ్చి వేస్తాను."

"ఎవరొద్దన్నారు? జీతం లేని పనిమనిషి దొరికింది."

కోతకి ముందురోజు రాత్రి బసవపున్నారావు మేనల్లుడు రవికిరణ్ ట్రాలీ ఆటో తెచ్చాడు. అతను చిటికేస్తే సీజర్ తోకూపుకుంటూ దగ్గరికెళ్ళింది. అది పడుకునే గోనెసంచుల పరుపు కూడా దయామణే మోసుకెళ్ళి ఆటోలో వేసింది. సీజర్ తల ఒకసారి నిమిరి వెనక్కి తిరిగింది.

కోతరోజు పొద్దున్నే మాత్రలు తీసుకుని రెడ్డిగూడెం రోడ్డులోని తోటకి వెళ్ళింది. గేటు దగ్గర లారీ ఆగి ఉంది. కాయలు కోసేవాళ్ళు చిక్కాల గెడలు పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నారు. బసవపున్నారావు లారీ క్యాబిన్ మీద ఉన్నాడు. పంచె మోకాలి దాకా చిరిగింది. కింద సీజర్ కాపలా తిరుగుతోంది.

తోట లోపల దయామణి వాళ్ళ పేట ఆడవాళ్ళు రాలిన కాయలు ఒళ్ళోకి ఏరుకుంటున్నారు. వాళ్ళు పక్కనుంచి వెళుతుంటే సీజర్ తోకూపుతోంది. బసవపున్నారావు బంపర్ మీదికి ఒక్క కాలు దించాడో లేదో, మీదికి ఎగిరింది. కాలు పైకి లాక్కున్నాడు.

"ఏం చేశావే నా కుక్కని? ఊరందర్నీ రానిస్తోంది! నా తోటలోకి నన్నే రానివ్వటం లేదు!"

"జబ్బు తిరగబెట్టినట్టుందండీ," అంది దయామణి బెంగగా మొహం పెట్టి. "డాక్టరమ్మ చెప్పిందిగా, మనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలీదని."

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. రవికిరణ్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. "మావయ్యా, నువ్వు లారీలోనే ఇంటికి పో. కోత సంగతి నేను చూసుకుంటా."

"ఇది నా తోటరా!"

"ఆ ముక్క నాకు కాదు, దానికి చెప్పు."

ఈసారి దయామణి చేతికి గుడ్డ చుట్టుకోలేదు. ఉత్తచేత్తోనే మాత్ర వేసింది. సీజర్ బుద్ధిగా మింగేసింది. ఆమె నింపాదిగా చెట్ల కిందికి నడిచి, క్యాబిన్ మీదున్నాయన చూస్తుండగా పది కాయలు ఏరుకుని ఒళ్ళో వేసుకుంది. లెక్కకి పదే.

ఇంటికొచ్చి డబ్బా మూత తీసింది. రెండు నెలలుగా ఉతక్కుండా దాచిన గుడ్డని మొదటిసారి సబ్బునీళ్ళలో ముంచింది. చుట్టకంపు గుప్పుమని కొట్టింది. సీజర్‌ని మైలురాయికి కట్టేసిన రోజున బసవపున్నారావు వదిలేసిపోయిన భుజం మీది కండువా అది.