టైమర్ చప్పుడు

"మీ పాత కెమెరాలో కొత్త ఫిల్మ్, నేను బాగుచేసిన టైమర్ పనిచేస్తాయో లేదో చూద్దాం. గోడ ముందు ఆ గీత మీద నిలబడండమ్మా," అంటూ మెకానిక్ టైమర్ తిప్పాడు.

టైమర్ జుయ్‌మని తిరిగి ఆగింది. కెమెరాలోంచి అప్పటికప్పుడే బయటికొచ్చిన ఫొటోను ఆవిడ ఆరాలని ఊపబోతే అందుకుని, వెలుగు తగలకుండా బల్ల మీద బోర్లించాడు.

కాసేపటికి తిప్పి చూశాడు. రంగులు బాగానే తేలాయి. ఆవిడే ఓ అంచుకు ఉంది. పక్కనంతా ఉత్త గోడ.

"గీత మీదే నిలబెట్టాను కదా, ఎందుకు జరిగారు?"

"జరిగానా?" ఆవిడ ఫొటోను చాలాసేపు చూసింది. "మావారు టైమర్ తిప్పేసి పరిగెత్తుకొచ్చేవారు. నేను జరిగి జాగా ఇచ్చేదాన్ని. ఆయన లేరని నా కాళ్లకింకా తెలిసినట్టు లేదు."

మెకానిక్ గొంతు తగ్గించాడు. "ఇంకోటి తీద్దాం లెండి. ఈసారి టైమర్ వద్దు, నేనే నొక్కుతాను."

"టైమరే పెట్టండి," అంది ఆవిడ, మళ్లీ గీత మీదికి వస్తూ.