కరెంటు పోయిన పాట

పాట సగంలో కరెంటు పోయింది. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

గిటార్లు ఆగిపోయాయంటే అర్థం చేసుకోవచ్చు, అవి కరెంటు వాద్యాలు. కానీ కిటికీల్లోంచి పడే పగటి వెలుతురులో చూస్తే, డ్రమ్ముల అబ్బాయి చేతులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. కర్రలు డ్రమ్ములకు తగలకుండా గాలిలో కొడుతున్నాడు. అంటే ఇంతసేపూ లోపల క్యాసెట్టు వేసి, మా ముందు నిలబడి గంతులేశారన్నమాట!

ఈ హైదరాబాదు బ్యాండు పాటను ఒక్కసారి ఎదురుగా వినాలనే చొప్పదండి నుంచి కరీంనగర్ దాకా వచ్చాం. ఈ చెమట కంపు, ఈలలు, కుర్చీలెక్కి తొక్కే చెప్పులు, అన్నీ ఆ పాట కోసమే భరించాం.

లేచి నేరుగా వేదిక దగ్గరికి వెళ్లాను. "ఏం పిలగా, డ్రమ్ములకు కరెంటెందుకు? కొట్టు, విందాం."

హాలంతా గొల్లుమంది. ఆ అబ్బాయి కర్రలు వెనక దాచుకున్నాడు.

నిర్వాహకుడు ఉరికొచ్చి, నా వెనకే వచ్చిన మనుమరాలు దేవకిని పట్టుకున్నాడు.

"జర ముసలమ్మను ఇంటికి తీస్కపో చెల్లె. గిసొంటి పాటలు ఆమెకేం సమజైతయ్? కరెంటొచ్చినంక నువ్వొచ్చి సూడు."

"నేనెందుకు సూస్త అన్నా? గీ లొల్లికి నాకు తలకాయ నొస్తది," అంది దేవకి. "ఇంట్ల పొద్దుమాపు మీ క్యాసెట్ పెట్టేది మా బాపమ్మనే. నేను ఆమెకు తోడొచ్చిన."

డ్రమ్ముల అబ్బాయి తలెత్తి నా వంక చూశాడు.

నేను ముఖం తిప్పుకున్నాను.