సుందరమ్మ రాయి

“ఎవరికా రాయి?” అంటూ ఫారెస్టు గుమాస్తా కూర్మారావు బంగళా మెట్లు దిగాడు.

గురుబారి గొయ్యి తవ్వడం ఆపలేదు. “నీ కతలో ఓడతోపాటు మునిగిపోనాది కదా, ఆ సుందరమ్మకి బాబూ.”

కూర్మారావుకు నవ్వొచ్చింది. మంచుకొండకు గుద్దుకుని మునిగిన ఆ పెద్ద సీమ ఓడ సంగతి ఎప్పుడో పత్రికలో చదివి, ఇప్పుడు దాని మీద నవల రాశాడు. అరకులో వినేవాళ్లు లేక, నీళ్లు మోసే గురుబారికే సాయంత్రాలు చదివి వినిపించాడు. నిన్న ఆఖరి ప్రకరణం విని ఆమె ఏడ్చింది.

“సుందరమ్మ అనే మనిషే లేదే. నేను కల్పించాను.”

“శవం దొరక్కపోనా మా గదబోల్లం రాయి పాతుతాం. నేపోతే సచ్చిపోనోల్లకి కూకోడానికి సోటుండదు.”

“పుట్టని మనిషికి చోటెందుకు?”

గురుబారి తలెత్తింది. “పుట్టని మనిసి కోసం సదివినప్పుడల్లా కళ్లెందుకు తుడుసుకున్నావు బాబూ?”

కూర్మారావు తన భార్య ఎక్కిన రంగూన్ స్టీమరు తుపానులో మునిగిందని ఈ కొండల్లో ఎవరికీ చెప్పలేదు.

గురుబారి రాయిని గోతిలో నిలబెట్టి పట్టుకుంది. “మట్టి కప్పేముందు పేరెట్టి పిలవాల. సొంతోల్లే పిలవాల.”

కాపురం చేసినన్నాళ్లూ ‘ఏమేవ్’ అనడమే తప్ప, అతను భార్యను పేరుపెట్టి పిలవలేదు.

వంగి, రాయికి చెయ్యి ఆనించాడు.

“కామేశ్వరీ,” అన్నాడు.