మనుషులు లేని ప్రకటన

ఆ ప్రకటనలో మనిషన్నవాడు ఉండకూడదు. షరతు అదే.

నొప్పి మాత్రల కంపెనీ యజమాని అప్పటికే ఊరంతా చాటుకున్నాడు. టీవీలో నవ్వుతూ మాత్ర వేసుకునే తాతను కంప్యూటరే పుట్టిస్తుందని, ఇలాంటిది ఇదే మొదలని. దర్శకుడు తల ఊపి పని ఒప్పుకున్నాడు. ఇది కూడా చేజారితే అతని ఆఫీసుకు తాళమే.

మొదటి తాత ఆరు వేళ్ళతో మాత్ర పట్టుకున్నాడు. యజమాని నవ్వలేదు. ఇంకొక్కసారి చూస్తానని, అప్పుడూ కుదరకపోతే వేరేవాళ్ళ దగ్గరికి పోతానని చెప్పి లేచాడు.

తరవాతి వారం తెరమీదికి ఇంకో తాత వచ్చాడు. వేళ్ళు సరిగ్గా ఉన్నాయి. యజమాని కుర్చీ ముందుకు లాక్కుని చూశాడు.

"పోయినసారికన్నా నయం. కానీ ఎక్కడో మిషన్ అని తెలిసిపోతోందండీ. మనిషి అలా రెప్పలు ఆర్పడు."

రెప్పలు కుదిరాయి. చెవుల మీద వెంట్రుకలు వద్దన్నాడు. అరగంటలో పోయాయి. బుగ్గలు లోపలికి పోవాలన్నాడు. దర్శకుడు వారం పది రోజులు గడువు అడిగాడు.

"వెంట్రుకలకు అరగంట, బుగ్గలకు పది రోజులా? ఇదేం మిషనండీ?"

"పెద్ద మిషన్ సార్. తొందరపెడితే మొరాయిస్తుంది."

గడువు నాటికి బుగ్గలు పోయాయి. కళ్ళ కింద గుంటలు కూడా పడ్డాయి. అడక్కుండానే ఎంత బాగా పెట్టారని యజమాని మెచ్చుకున్నాడు. ఆఖరుగా ముందు పన్ను ఒకటి తీసేయమన్నాడు. అది లేకపోతే నవ్వు పసిపాపలా ఉంటుందట.

దర్శకుడు తెర మీది బొమ్మను ఆపేశాడు.

"పన్ను ఉంచేద్దాం సార్."

"ఏం, మీ మిషన్‌కి నొప్పా? మన మాత్ర ఒకటి వేయండి."

గదిలో అందరూ నవ్వారు. దర్శకుడూ నవ్వాడు. యజమాని మాత్రం పన్ను పోతేనే సంతకం అన్నాడు.

రెండోనాడు పన్ను లేదు. యజమాని లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మనిషన్నవాడు తలకిందులుగా తపస్సు చేసినా ఈ నవ్వు నవ్వలేడన్నాడు. అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

దర్శకుడు ఇంటికి వచ్చేసరికి, వాచిన దవడకు తడిగుడ్డ అదుముకుని కూర్చున్న మామగారు, "ఇవాళ్టి నుంచైనా కడుపునిండా తినొచ్చా అల్లుడుగారూ" అని అడిగారు.