క్లారీ గడ్డి

ఆస్ట్రేలియాలోని మా టామ్‌వర్త్‌లో వానల్లేక ఏడాదైంది. కుళాయి నీళ్లు గడ్డికి పోయకూడదని ఊరి కౌన్సిల్ ఆంక్ష. పచ్చిక ఉంటే "ట్యాంకు నీళ్లు వాడుచున్నాము" అని బోర్డు పెట్టుకోవాలి. మా వీధిలో గడ్డి ఎంత ఎండితే అంత పరువు.

ఆ లెక్కన వెనకింటి నోరీన్‌ది పెద్ద పరువు. స్నానం చేసిన నీళ్లు కూడా టమాటా మొక్కలకు మోస్తుంది.

ఆమె ఇంటికి ముందున్న క్లారీ ఇంటి గడ్డి మాత్రం బోర్డు లేకుండానే నవనవలాడుతోంది.

"దొంగనీళ్లకి బోర్డెందుకులే, క్లారీ."

"ఒట్టు నోరీన్, చుక్క పోస్తే అడుగు."

"పాపం, నీ గడ్డి గాలి భోంచేస్తోంది కాబోలు" అని, ఇంటికెళ్లి కౌన్సిల్‌కి ఫోన్ చేసింది.

కౌన్సిల్ మనిషి వచ్చి పచ్చగా ఉన్నచోట తవ్వాడు. అడుగున పగిలిన పైపు నీళ్లు చిమ్ముతోంది.

"ఇది వెనకింటికి వెళ్లే పైపమ్మా. వీధిలో నీళ్ల మీటరు దాకానే మాది, ఆ తర్వాత మీదే. బాగుచేయించుకునేదాకా నీళ్లు కట్టేస్తున్నా" అన్నాడు నోరీన్‌తో.

సాయంత్రం నోరీన్ బకెట్ పట్టుకుని క్లారీ కుళాయికి వచ్చింది.

"పట్టుకో నోరీన్, మొహమాటపడకు" అన్నాడు క్లారీ, గడ్డిలో కొత్త బోర్డు పాతుతూ.

"నోరీన్ నీళ్లు వాడుచున్నాము."